రేగంపుట్టులో ఉండిపోయిన గొంతు

షూటింగు అంధేరీలో ఉన్నా అరకులో ఉన్నా నైరాకి తెల్లారే తీరు ఒకటే. వ్యాన్‌లో అద్దం ముందు కూర్చుంటుంది. మేకప్ మనిషి ఆమె మొహం, మెడ, చేతులు వరసగా తెల్లబరుస్తాడు. అది ఆరేలోగా మేనేజరు ధర్మతేజ ఎదురుగా స్టూలేసుకుని ఆ రోజు హిందీ డైలాగులు చదువుతాడు. ఆమె పెదాలు కదుపుతుంది. చప్పుడు మాత్రం రాదు.

రోగమేం కాదు. ఆమె గొంతు ఆమె దగ్గర ఉండదు, అంతే. అరకు అవతల కొండమీద, రేగంపుట్టు అనే ఊళ్ళో, వాళ్ళమ్మ బుద్రి దగ్గర ఉంటుంది.

సినిమావాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. హీరో జుట్టు హీరోది కాదు, హీరో దెబ్బలాట హీరోది కాదు. హీరోయిన్ గొంతు ఒక్కటి ఊళ్ళో ఉంటే ఎవరి కొంప మునిగింది? బాంద్రాలో ఒకావిడ నైరా సినిమాలన్నింటికీ మాట్లాడుతుంది. పిల్లల్ని బడికి పంపి, స్టూడియోకి వచ్చి, నైరా ప్రేమించాల్సినవాళ్ళని ప్రేమించి, ఏడవాల్సిన చోట ఏడ్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది.

నైరా అసలు పేరు నిర్మల. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు అందాల పోటీలో నిలబడితే, బొంబాయి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మెచ్చుకున్నాడు. "మొహం బంగారం. నోరు మాత్రం విప్పకు. మాట్లాడితే కొండ కనిపిస్తోంది" అన్నాడు. నిర్మల విప్పలేదు. వాడకుండా మూల పడేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కదా, గొంతుకీ మండింది. ఒకరోజు పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కి అరకులో దిగి, షేరింగు జీపులో ఊరు చేరుకుంది. బుద్రి పక్కింటి నూకరత్నం సెల్లు అడిగి కూతురికి ఫోన్ చేసింది.

"నీ గొంతొచ్చినాదే. కోళ్ళని తోల్తంది. ఉండనీ, నాకూ తోడుంటాది" అంది.

ఉండిపోయింది. బుద్రి కళ్ళకి పొరలు కమ్మాక రెండడుగులు ముందు నడుస్తూ "ఇటమ్మా, రాయుంది, తప్పుకో" అని దారి చెప్పేది. రేషను షాపులో తూకం తగ్గితే దెబ్బలాడేది. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో అది ఏ వరసలో పాడితే ఆడవాళ్ళంతా ఆ వరసకే ఎగబడేవారు. చూరుకింద వెదురుబుట్టలో పడుకునేది.

బొంబాయిలో నిర్మల నైరా అయింది. మొదటి సినిమా బాగా ఆడింది. రెండోది ఇంకా బాగా ఆడింది. ఒక నిర్మాత కొడుకుతో పెళ్ళి మాటలు కూడా నడిచాయి గానీ, మాట్లాడని పిల్లతో ఎన్నాళ్ళు మాట్లాడతానని అతను తప్పుకున్నాడు. టీవీ వాళ్ళు ఒకసారి అమ్మానాన్నల గురించి అడిగారు. ఆమె ఎవరి సంగతీ ఎప్పుడూ రాసి చూపించలేదు కనక ధర్మతేజకి తెలీదు. తెలీదనడం వాడి ఉద్యోగంలో కుదరదు. "ఊటీలో టీ తోటలుండేవి వాళ్ళకి. మేడమ్ చిన్నప్పుడే ఇద్దరూ పోయారు" అనేశాడు.

యాంకరమ్మ కళ్ళు తుడుచుకుని నైరా వైపు చూసింది. నైరా తల ఊపింది.

తండ్రి పోయిన మాట నిజమే. తల్లి మాత్రం ఆ సాయంత్రం వాకిట్లో మిరియాలు ఎండబోసుకుంటూ ఉంది. ఊళ్ళో సెల్లున్నవాళ్ళంతా ఆ ముచ్చట చూశారు. బుద్రికి హిందీ రాదు. "ఏటంతన్నారే?" అని గొంతుని అడిగింది. గొంతు ఆ రోజు మరి మాట్లాడలేదు. ఈ సంగతి నూకరత్నం కూతురు మెసేజి పెడితే నిర్మల చదివి, ఫోన్ బోర్లా పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అద్దంలో తన మొహాన్ని తను సూటిగా చూడలేకపోయింది. మేకప్ వేస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చునేది. అమ్మకో మిక్సీ పంపింది. కరెంటు నిలవని ఊళ్ళో అది దేవుడి పక్కన చేరింది.

వరసగా సినిమాలు పోవడం మొదలయ్యాక ఫరీదా అనే దర్శకురాలు పిలిచింది. మంచి పేరున్న మనిషి. అరకులోనే తీస్తోంది. "నా సినిమాలో డబ్బింగుండదు. ఎవరి గొంతు వాళ్ళదే, అక్కడికక్కడే రికార్డు చేస్తాను. నీ గొంతు తెచ్చుకో. లేదంటే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది" అంది. ఇది పోతే ఇంకోటి లేదని నైరాకి తెలుసు.

అరకు చేరాక గొంతు ఎక్కడుందని ధర్మతేజ అడిగాడు. ఆమె ఫోన్లో టైపు చేసి చూపించింది. రేగంపుట్టులో, చిన్నప్పుడు మా ఇంట్లో పనిచేసిన ముసలావిడ దగ్గర, అని.

తల ఊపడం వేరు. ఇది తన వేళ్ళతో తను రాసింది. రాశాక చెరిపేద్దామనుకుంది. అప్పటికే వాడు చదివేసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

అది చైత్రమాసం, ఇటుకల పండగ. ఆ రోజుల్లో కొండల్లో మగవాళ్ళు అడవికి వేటకెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా వెదురుగడ కట్టి, ఆడి పాడి, వచ్చేపోయే బళ్ళని ఆపి దారి డబ్బు అడుగుతారు. పజోరంటారు దాన్ని. పరాయివాళ్ళయితే పజోరిచ్చి పోవాలి. ఊరి మగాడు వేట నుంచి వట్టి చేతులతో దిగాడో, వాడి మీద పేడనీళ్ళు కుమ్మరిస్తారు. అందుకని గడ పక్కనే ఒక బకెట్టు కలిపి ఉంచుకుంటారు.

కాఫీతోటల మలుపు తిరగ్గానే గడ అడ్డమొచ్చింది. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని థింసా ఆడుతున్నారు. ముందు ఒక గొంతు పాట అందిస్తోంది. ఆ గొంతుకి మనిషి లేదు. ఒక ముసలావిడ భుజం పక్కన ఖాళీగా ఉన్న చోటు నుంచి వస్తోంది.

"అదేనా మేడమ్?" అన్నాడు ధర్మతేజ.

నిర్మల నల్ల కళ్ళద్దాలు తియ్యలేదు. గొంతు మాత్రం ఆమెను చూసింది. పాట సగంలో ఆగిపోయింది. ఆడవాళ్ళు ఎందుకాగిందా అని ఆ పక్కకి చూసి, తర్వాత కారులోకి చూశారు. ఒక్కొక్కరే పోల్చుకుని ఒక్కొక్కరే తల దించుకున్నారు. సిగ్గుపడాల్సింది ఒక్క మనిషి, సిగ్గుపడింది ఊరంతా.

ధర్మతేజ కారు అద్దాలు దించాడు. "ఏమ్మా, నైరా మేడమ్ వాళ్ళింట్లో పనిచేసింది నువ్వేనా?" అన్నాడు.

బుద్రి తడుముకుంటూ వచ్చి వెనక కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. మిరియాల తీగలు లాగి లాగి మొద్దుబారిన చెయ్యి. నిర్మల తన చెయ్యి కాస్త ముందుకు జరిపితే చాలు, అందుతుంది. జరపలేదు.

నూకరత్నం ఏదో అనబోయింది. బుద్రి మోచేత్తో పొడిచి ఆపింది.

"ఔను బాబూ, నానే. సన్నప్పుడు ఎత్తుకున్నాను. ఇన్నాళ్ళకి గేపకం పెట్టుకుని వచ్చినాది, సల్లగుండాల" అంది.

"ఈవిడేనా మేడమ్?" అని వెనక్కి తిరిగాడు ధర్మతేజ.

నిర్మల తల ఊపింది.

"ఆవిడ గొంతు మీ దగ్గరుండిపోయిందటగా. కొత్త సినిమాకి కావాలి."

"ఆ పిల్లదే గదా బాబూ, అట్టుకెళ్ళండి." బుద్రి పక్కకి తిరిగి మెల్లగా చెప్పింది. "ఎల్లే. పిలుత్తన్నారు. నాకేటి, నూకరత్నం ఉంది, అది నడిపిత్తాది." మళ్ళీ కారు వైపు వంగింది. "పొద్దుటేలనుంచి పాడతంది బాబూ. కాసిని ఎచ్చనీళ్ళు ఇయ్యండి దానికి."

గొంతు కారెక్కింది. లోపలికి దిగుతుంటే నిర్మలకి మిరియం నమిలినట్టయింది. నూకరత్నం ధర్మతేజ దగ్గర పజోరు తీసుకుంది. పరాయివాళ్ళ దగ్గర తీసుకోవాలి కదా. తీసుకుని, గడ ఎత్తింది.

మలుపు దాటాక ధర్మతేజ హుషారుగా ఫోన్ అందుకున్నాడు. "ఏదో ఒకటి మాట్లాడండి మేడమ్. రికార్డు చేసి ఫరీదాగారికి పంపేస్తాను."

ఫరీదాజీ నమస్తే, అందామనుకుని నిర్మల నోరు తెరిచింది.

"ఆవిడ మా అమ్మ" అంది గొంతు.

దానికి ఊటీ కథ చెప్పడం రాదు, నైరాలా పలకడం రాదు. దానికి తెలిసిన సంగతి అదొక్కటే, అదే చెప్పింది. ధర్మతేజ కారు పక్కకి తీసి ఆపేశాడు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, తల్లి చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఫోన్ పక్కన పెట్టేశాడు.

"నా నోటితో ఆవిణ్ణి పనిమనిషని అనిపించారు మేడమ్" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అదే నిర్మలకి ఎక్కువ తగిలింది. తలుపు తీసుకుని దిగింది. ఎత్తు చెప్పులు గతుకుల్లో మడత పడుతుంటే విడిచి చేత్తో పట్టుకుంది. కారులో వెళ్ళిన దారే, నడిస్తే తరగడం లేదు. తిరిగి వెళ్ళి ఏ మొహం చూపిస్తావని అడుగడుగునా అనిపించింది. ఉన్నది ఆ మొహం ఒక్కటే.

గడ దగ్గర పాట మళ్ళీ మొదలవలేదు. నూకరత్నం ఎత్తుకుంటే శ్రుతి కుదరక నవ్వులాటగా మారి ఆగిపోయింది. బుద్రి రోడ్డు అంచున ఒక చెయ్యి గాల్లోకి చాపి, కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడి ఉంది. ఆ చెయ్యిని చూశాక నిర్మలకి తను ఏం పట్టుకుపోయిందో తెలిసింది.

"ఏటి మేడమ్? ఏటైనా మర్సిపోనారా?" అంది నూకరత్నం.

"పెద్దమ్మా, నాను నిర్మలని."

"ఇందాకే తెల్సు."

ఎవరూ సాయం రాలేదు. ఆ తర్వాత చెప్పాల్సింది తనే చెప్పాలి.

"అమ్మని పనిమనిషన్నాను. అంతకుముందు సచ్చిపోయిందంటే తలూపాను." మాట్లాడుతుంటే మొహం భగ్గుమంది. "నాకు సిగ్గుగా ఉంది. అప్పుడూ ఉంది. సిగ్గుపడతానే సేసినాను."

"సచ్చిపోయిందన్నది నాకు తెలుసులే" అంది బుద్రి మెల్లగా. "నీ గొంతు మాటాడని రోజునే తెలిసింది."

నిర్మల బకెట్టు వైపు చూసింది. "పొయ్యండి" అంది.

నూకరత్నం బకెట్టుకి అడ్డంగా నిలబడింది. "అది యేటకెళ్ళొచ్చిన మనోళ్ళకి. పైవోళ్ళ మీద పొయ్యకూడదు."

"బొంబాయెల్లింది యేటకి కాదేటి పెద్దమ్మా? ఇన్నాళ్ళకి ఏటి తెచ్చినానో సూడు." నిర్మల రెండు చేతులూ చాపింది. ఒక చేతిలో చెప్పులున్నాయి, వాటిని కింద పడేసి మళ్ళీ చాపింది.

ఆడవాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూకరత్నం కదలలేదు. మనమ్మాయేనని ఆ ఊళ్ళో చెప్పగలిగిన మనిషి ఒక్కతే.

"బకెట్టిటియ్యి" అంది బుద్రి.

ఇచ్చారు. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కళ్ళు చిట్లించి వెతికింది. మొదటి విసురు నూకరత్నం కాళ్ళ మీద పడింది.

"ఏ పక్కున్నావే?"

"ఇటమ్మా" అంది నిర్మల. "ఇంకాస్త ఎడం పక్క. రాయుంది, తప్పుకో. ఆఁ, అక్కడే. ఇంక పొయ్యి."

పోసింది. పేడనీళ్ళు నెత్తి మీంచి, తెల్లరంగు మీంచి, మెడలోకి కారాయి. నిర్మల నిలబడి ఏడ్చింది, గొంతు బయటకొచ్చేలా ఏడ్చింది. ఇన్నేళ్ళూ బాంద్రాలో ఆవిడే ఏడ్చింది తన బదులు. నూకరత్నం ముందు నవ్వింది, ఆమె వెనక వరసంతా నవ్వింది.

"కళ్ళల్లో పడ్డాదేటి?" అని బుద్రి చీర కొంగుతో తడుముతూ తుడిచింది. తుడిచిన చోట కూతురి అసలు రంగు కనిపించింది, తుడిచిన మనిషికి తప్ప అందరికీ.

ధర్మతేజ కారు వెనక్కి తెచ్చి దూరంగా ఆపుకుని నిలబడ్డాడు. ఫరీదా నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, వాడు ఎత్తలేదు. ఆ సినిమా ఇంకో అమ్మాయి చేసింది, బాగానే చేసిందని చెప్పుకున్నారు. అది తర్వాతి మాట.

అప్పటికింకా పండగ అయిపోలేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన కారు ఒకటి గడ దగ్గర ఆగింది. నూకరత్నం నిర్మలను ముందుకు తోసింది. "నీ గొంతు నీకొచ్చినాది గదా, నువ్వే అడుగు" అంది.

వెనక సీట్లో ఒక కాలేజీ పిల్ల ఫోన్ ఎత్తి పట్టుకుని కిటికీలోంచి తొంగి చూసింది. పేడ కారుతున్న ఆ మొహాన్ని చూసి, అనుమానంగా మళ్ళీ చూసింది.

"మీరు నైరా కదండీ? మీకెవరూ లేరన్నారు కదా?"

"అబద్ధం సెప్పినాను. నా పేరు నిర్మల. అదిగో, బకెట్టట్టుకున్నాదే, ఆవిడ మా అమ్మ. పేరు బుద్రి" అంది నిర్మల. "పజోరిచ్చి ఎల్లండి."

ఆ పిల్ల వీడియో తీస్తూనే ఉంది. నిర్మలకి చెవుల దాకా సిగ్గేసింది. అయినా మొహం పక్కకి తిప్పుకోలేదు. ఆ పిల్లని తీయనిచ్చింది.