బాధ్యత గల వ్యక్తి

సోంబరుకి ఒకటి కాదు, రెండు కాలేజీలలో సీటు వచ్చిందని తెలిసిన వారంలోనే, కాలేజీ గుమ్మం ఎన్నడూ చూడని వాళ్ళు పదిమంది వచ్చి అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పి వెళ్ళారు. ఫారెస్టు గార్డు తలకు ఆముదం రాయవద్దన్నాడు. సంతకు ఉప్పు బస్తాలు తెచ్చే వరహాలు, పట్నంలో ఎవరిని చూసీ నవ్వవద్దన్నాడు. కొన్ని కొండ ఊళ్ళ మీద పెత్తనం ఉన్న ముఠాదారు ఒక మనిషిని పంపి, కాలేజీలో దొరలు కనబడితే తన ముఠా హద్దుల సంగతి వాళ్ళ చెవిన వెయ్యమన్నాడు. అందరికీ మంచినీళ్ళిచ్చి పంపాను.

నేను అరకు లోయలో ఒక చిన్న బోర్డు బడికి మాస్టర్ని. శృంగవరపుకోట నుంచి కొండెక్కి వచ్చి పన్నెండేళ్ళయింది. సోంబరు మా బడిలో అక్షరాలు దిద్దాడు, తరవాత కొండ దిగువన హైస్కూల్లో చదివాడు. వాడి ఊరు చింతగరువు మాకు నాలుగు మైళ్ళు. సెలవులకు వచ్చినప్పుడు సగం రోజులు మా ఇంట్లోనే ఉండేవాడు. 1926 మే నెలలో స్కూల్ ఫైనల్ ప్యాసయ్యాడు. ఆ ఫలితం నా భార్య ఈశ్వరమ్మ చూడలేదు. ఆమె మార్చిలో మన్యం జ్వరంతో పోయింది. అంతకన్నా ఎక్కువ ఇక్కడ రాయను.

కాలేజీలలో ఒకటి జమీందారు గారి కోట ఉన్న ఊళ్ళోది. అక్కడ తర్కమూ చరిత్రా చెబుతారు. రెండోది సముద్రం ఒడ్డున. అక్కడ ప్రకృతి శాస్త్రాలు చెబుతారు. అవి చదవనిదే డాక్టరు చదువుకు దారి లేదు. సోంబరు రెండోదే కోరుకున్నాడు. కారణం ఉంది. ఆ వేసవిలో చింతగరువులో అమ్మవారు పోసింది. టీకాల మనిషి కొండెక్కి రావడానికి పదిహేను రోజులు పట్టింది. వచ్చేసరికి వాడి సీసాల్లో మందు ఎండకు చెడిపోయింది. చెడిందని తెలిసీ అందరికీ పొడిచి, రిజిస్టరు నింపుకుని దిగిపోయాడు. ఏడుగురు పిల్లలు పోయారు. అందులో సోంబరు చెల్లెలు ఒకతె. టీకాలు వేసి కాపాడిన వారి జాబితాలో ఆ పిల్ల పేరు ఉందని సోంబరే చదివి నాకు చెప్పాడు.

సముద్రపు ఒడ్డు కాలేజీ వారు జులై ఒకటో తేదీలోగా రమ్మన్నారు. వస్తూ సత్ప్రవర్తన పత్రం తెమ్మని ఒక అచ్చు ఫారం పంపారు. మన్యం పితూరీ అణిగి రెండేళ్ళే అయింది. కొండ కుర్రవాడు మంచివాడని చెప్పడానికి తాసీల్దారు సంతకమైనా ఉండాలి అనుకున్నాను. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఈలోగా నాకు తెలిసిన మర్యాదలు వాడికి నేర్పాను. కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చోవడం, పెద్దవాళ్ళు మాట ముగించేదాకా ఆగడం, చెప్పులు గుమ్మం బయట ఏ పక్క విడవాలో. వీటిలో ఒక్కటి కూడా చదువుకు పనికిరాదు. అయినా వీటినే చదువంటారు.

వాడి తల్లి కనక పెసర మూట నెత్తిన పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"సముద్రం కాడ మా గుంటడికి అంబలి ఎవులు పోత్తారు, మాస్టరు బాబూ?"

"అక్కడ అన్నమే పెడతారు కనకా."

"రోజూనా?"

"రోజూ. రెండు పూటలా."

"అయితే ఆడు మరి కొండెక్కడు" అని నవ్వింది. తరవాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే, దిసారి ఇంకా రోజు పెట్టనేదు. అక్కడ మామిడి ముట్టకు. కొత్త అయినాక కబురెడతాను."

ఈ ఆచారం ఇక్కడ అందరికీ తెలిసినదే. ఆ యేటి మామిడిని ముందు ఊరి దేవతకు పెట్టి పండుగ చేస్తారు. దానినే కొత్త అంటారు. నక్షత్రం చూసి ఊరి జోస్యుడు, దిసారి, రోజు పెడతాడు. అది అయ్యేదాకా ఆ ఊరివాడెవడూ, ఎంత దూరాన ఉన్నా, మామిడి నోట పెట్టడు. ఒక్కడు తప్పితే జబ్బు ఊరికి తిరిగి వస్తుందని భయం. మామూలుగా చైత్రంలోనే అయిపోతుంది. ఆ ఏడు ఊళ్ళో అమ్మవారు ఉండగా దిసారి రోజు పెట్టలేదు. జూన్ వచ్చింది. చింతగరువు చెట్ల కింద పళ్ళు రాలి కుళ్ళిపోతున్నాయి. ఆకలితో ఉన్న ఊరు వాటిని దాటుకుని నడుస్తోంది.

ఈశ్వరమ్మ ఉన్నన్నాళ్ళూ, చింతగరువు డప్పులు వినబడేదాకా మా ఇంట్లో మామిడికాయ పప్పు ఉండేది కాదు. "వాడు తినలేనిది వాడి ఎదురుగా మనమెలా తింటాం?" అనేది. నేను నవ్వేవాణ్ణి.

జూన్ ఇరవయ్యో తేదీన తాసీల్దారు సర్వేశ్వరరావు గారు అరకు దగ్గర బంగళాలో మకాం వేశారు. సోంబరుని వెంటబెట్టుకుని ఉదయమే వెళ్ళాను. వర్జ్యం ఉందని, అది పోయేదాకా ఆయన ఏ కాగితమూ ముట్టరని బంట్రోతు చెప్పాడు. రెండు గంటలు వరండాలో నిలబడ్డాం.

ఆయనతో ఆయన బావమరిది, వకీలు గణపతిరావు గారు కూడా ఉన్నారు. కోట ఊరి కాలేజీ కమిటీలో ఆయన సభ్యుడు. సోంబరుని పైనుంచి కిందికి, సంతలో ఎద్దును చూసినట్టు చూశారు.

"బావగారూ, వీడు మా కాలేజీకే రావాలి. వార్షికోత్సవంలో విల్లంబులతో వేదిక మీద నిలబెడితే జిల్లా దొర ముగ్ధుడైపోతాడు."

"నాకు విల్లు పట్టడం రాదండి" అన్నాడు సోంబరు. "హైస్కూల్లోనే ఉండిపోయాను."

"నేర్పిస్తాంలేవోయ్" అన్నారు వకీలు గారు.

ఆ మాటలోని వింత బావాబావమరుదులిద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నేను ఫారం తీసి, సముద్రపు ఒడ్డు కాలేజీ సంగతి చెప్పాను. తాసీల్దారు గారు దానిని చదవకుండానే బల్లమీద పెట్టారు. "శాస్త్రాలు వీడికెందుకయ్యా మాస్టారూ? సరే, ముందు భోజనం చెయ్యండి."

మాకు వరండా చివర ఆకులు వేశారు. కొండవాడికి తన బంగళాలో విస్తరి వేయించానని ఆయన వకీలు గారితో రెండుసార్లు అన్నారు. వంటవాడు మామిడికాయ పప్పు వడ్డించాడు, మామిడికాయ పులిహోర వడ్డించాడు, చివర పండు ముక్కలు వేశాడు. సోంబరు మొదటే చెయ్యి అడ్డం పెట్టాడు. వంటవాడు పట్టించుకోలేదు. సోంబరు పప్పు అంటని అన్నం ఒక పక్కకు లాగి, మజ్జిగ పోయించుకుని తిన్నాడు.

తాసీల్దారు గారు వచ్చి చూశారు. "ఏం, మా వంట నీకు రుచించలేదా?"

"అది కాదు బాబూ. మా ఊళ్ళో కొత్త ఇంకా అవనేదు."

వకీలు గారు పడీపడీ నవ్వారు. "విన్నారా బావగారూ! వీడు ప్రకృతి శాస్త్రం చదువుతాడట!"

తాసీల్దారు గారు నవ్వలేదు. తన ఇంటి తిండిని ఒక కొండవాడు పక్కన పెట్టాడన్నదే ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్ళి ఫారమూ కలమూ తెచ్చుకున్నారు.

"చూడబ్బాయ్. ఈ మూఢత్వం వదిలితేనే చదువు. ఒక్క ముక్క తిను, ఏ కాలేజీకి కావాలంటే ఆ కాలేజీకి సంతకం పెడతాను. లేదంటే మీ కొండలోనే ఉండు."

పొద్దున్న వర్జ్యం పోయేదాకా కలం ముట్టని మనిషి ఈ మాట అన్నాడు. నేను ఆ సంగతి ఆయన ముఖం మీద అనవలసింది. అనలేదు. సోంబరు వైపు వంగి నేనన్నది వేరు.

"తినెయ్యరా. ఒక్క ముక్కే కదా. మీ ఊళ్ళో ఎవరు చెప్పబోతారు?"

వాడు నా వైపు తిరిగాడు. "అమ్మగోరుంటే ఈ మాట అనరు, మాస్టారు" అన్నాడు.

తరవాత ఆకు మడిచి లేచాడు. తాసీల్దారు గారికి చేతులు జోడించాడు. "నేను తింటే జబ్బు రాదని నాకూ తెలుసు బాబూ. పుస్తకంలో చదివాను. కానీ మా ఊళ్ళో ఏడుగురు పిల్లలు పోయారు. తిన్నావా అని మా అమ్మ అడిగితే అబద్ధమాడలేను. ఇకమీద ఎవరికి జొరమొచ్చినా నా వల్లే అనుకుంటాది. నేను డాక్టరునై తిరిగొచ్చినా నా చేత ఎవరూ సూది వేయించుకోరు."

"వేదాంతం కూడా వచ్చు వీడికి" అన్నారు వకీలు గారు.

తాసీల్దారు గారు ఫారాన్ని నా వైపు విసిరారు. "వీణ్ణి మీరే పాడుచేశారు, మాస్టారూ. మీ సంగతి కూడా నాకు గుర్తుంటుంది."

వచ్చిన దారినే నడిచాం. రెండు మైళ్ళు దాటాం. ఒక వాగు దగ్గర ఆగి, వాడు ఫారం అడిగి తీసుకున్నాడు. అప్పటిదాకా అది వాడి చేతికి నేను ఇవ్వలేదు. రాయి మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు.

"మాస్టారూ, ఇందులో తాసీల్దారని ఎక్కడుంది?"

"అంటే?"

"విద్యార్థిని అయిదేళ్ళకు తక్కువ కాకుండా ఎరిగిన బాధ్యత గల వ్యక్తి, అనుంది. ఆయన నన్ను ఎరిగింది ఇవాళ పొద్దున్నే కదా?"

కాగితం లాక్కుని చూశాను. అలాగే ఉంది. పన్నెండేళ్ళుగా నేను పిల్లలకు చెబుతున్నది ఒకటే: ముందు పూర్తిగా చదవండి, తరవాత జవాబు రాయండి. నేను మొదటి వరుస చదివి తాసీల్దారు దగ్గరికి పరిగెత్తాను. బాధ్యత గల వ్యక్తి అనగానే బంగళాలో మకాం వేసేవాడే అని నాకు తోచింది. వర్జ్యం పోయేదాకా నిలబడటం, వరండా చివర తినడం, వాణ్ణి తినమనడం, అన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఆ రోజు నేను చూసిన ముగ్గురు పెద్దమనుషుల్లో ఎవరిమీదా నాకు గౌరవం మిగల్లేదు. అందులో మూడోవాణ్ణి నేను.

"నా సంతకం చెల్లుతుందంటావా?" అన్నాను.

"సెల్లకపోతే తిరిగొత్తాను. ఏటవుతాది?" అన్నాడు. హైస్కూలు భాష జారిపోయింది.

"ఆయనకు తెలిస్తే నన్ను ఇక్కడినుంచి మార్పిస్తాడు."

అనకూడని మాట అది. ఈశ్వరమ్మను దహనం చేసిన చోటు మా బడి వెనక కొండవాలులో ఉంది. సాయంత్రాలు అక్కడికి వెళ్ళి వస్తుంటాను. ఆ సంగతి వాడికి తెలుసు. వాడు ఫారం మడిచి నా చేతిలో పెట్టాడు.

"అయితే వద్దులెండి" అన్నాడు. కోపంగా అనలేదు.

ఇంటికి వెళ్ళగానే సిరాబుడ్డి తీశాను. పదేళ్ళుగా ఎరుగుదును అని రాశాను. అబద్ధం ఆడమని బలవంతం చేసినప్పుడు కూడా ఆడని వాడు అని రాశాను. బలవంతం చేసిందెవరో రాయడానికి ఫారంలో చోటు లేదు. సంతకం పెట్టాను.

వాడు ఇరవై ఎనిమిదో తేదీన కొండ దిగాడు. నా సంతకం చెల్లింది. కాలేజీ వారు నా హోదా ఏమిటని కూడా అడగలేదట.

సెప్టెంబరులో తాసీల్దారు గారు ఒక దొరను వెంటబెట్టుకుని బడి చూడడానికి వచ్చారు. నన్ను మార్పించలేదు. నన్ను మరిచిపోయారని తరవాత అర్థమైంది. పిల్లల ముందు నిలబడి, ఈ కొండల్లోంచి మొదటి కుర్రవాణ్ణి శాస్త్రాలు చదవడానికి సముద్రం ఒడ్డుకు పంపింది తానేనని దొరకు ఇంగ్లీషులో చెప్పారు. వాడిచేత మూఢాచారం మాన్పించడానికి ఎంత కష్టపడ్డారో కూడా చెప్పారు. దొర మెచ్చుకున్నాడు.

"అవునా మాస్టారూ?" అని తాసీల్దారు గారు నా వైపు తిరిగారు.

"కాదండి" అన్నాను.

దొరకు తెలుగు రాదు. తాసీల్దారు గారు ఆ మాటను నాకు వినబడకుండా ఆయన చెవిలో ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. ఎలా మార్చారో గాని, దొర నాతో కరచాలనం చేసి వెళ్ళాడు.