శుభ్రం తెలియని తల్లి

పొయ్యి మీద పొత్తిగుడ్డలు మరుగుతున్నాయి. అత్తగారు గిన్నెలోకి తొంగిచూసి, "ఇంకో పొంగు రానివ్వు. నీ చేత్తో ఉతికినవాటిని నమ్మలేం" అన్నారు.

ఆమె మంట పెంచింది. ఉడికి ఉడికి ఆ గుడ్డలు పోగులు వదిలేశాయి. సబ్బునీళ్ళకు ఆమె వేళ్ళ సందులు ఒరిసి మండుతున్నాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు, ఆమే మరిచిపోయింది. పాప ఒంటి మీదే ఆమె ధ్యాసంతా. పిరుదుల మీద మొదలైన ఎరుపు నోటి చుట్టూ పాకి, వేళ్ళ చివరలకు చేరింది. అంచులు పొలుసు కట్టి, నడుమ పచ్చిగా ఉంటోంది. తల నిమిరితే జుట్టు చేతికొస్తోంది. తడికి ఒరిసిందమ్మా, పొడిగా ఉంచండి అన్నాడు వీధి చివరి డాక్టరు. తామర అని పూత ఇచ్చాడు మందుల షాపాయన. ఏది రాసినా నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ రేగేది. రేగినప్పుడల్లా ఇంట్లో కళ్ళన్నీ ఆమె చేతుల మీదికే వచ్చేవి.

"మా వైపు ఎవరికీ ఇలాంటి చర్మం లేదమ్మా. మీవాళ్ళలో ఎవరికో ఉండే ఉంటుంది" అనేవారు అత్తగారు.

బస్టాండులో అద్దం వెనక కూర్చుని, ఏ బస్సు ఎప్పుడో చెప్పడం ఆమె ఉద్యోగం. సెలవడిగితే పై అధికారి నవ్వాడు. "మీ పాపకి తగ్గేదాకా బస్సులు ఆపించమంటారా?" ఇంటికొచ్చి ఆ మాట చెప్తే భర్త ఇంకో మాట కలిపాడు. "ఊరందరికీ దారి చెప్తావు. ఇంట్లో పిల్ల ముడ్డి కడగడం రాదు." ఆ పని ఆయన ఒక్కసారైనా చేసింది లేదు. రాని పనికి వంకలు పెట్టడం మాత్రం బాగా వచ్చు.

"పాలు మాన్పించాకే మొదలైందండీ ఇది" అని రెండుసార్లు చెప్పి చూసింది. నువ్వు వేళకి రావు, పిల్ల ఏడుస్తోంది, డబ్బా పాలు పట్టెయ్ అని మాన్పించిందీ వీళ్ళే.

"దానికీ దీనికీ ముడిపెట్టకు" అన్నాడాయన.

చివరికి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. కూర్చోకముందే ఆయన మొదలుపెట్టాడు. "మా ఆవిడకి కొంచెం శుభ్రం తక్కువండీ."

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. పాప పిడికిలి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసింది. "పిరుదుల దగ్గర తడి ఉంటుంది, సరే. వేళ్ళ చివరల్లో తడేంటండీ?" అని, ఆమె వైపు తిరిగింది. "నీ పాలు ఎప్పుడు మాన్పించావమ్మా?"

ఎన్నాళ్ళకో ఒకరు ఆ మాట అడిగారు. మాన్పించిందెప్పుడో, ఎరుపు మొదలైందెప్పుడో అంతా ఆమె చెప్పింది.

రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చాక మళ్ళీ పిలిచారు. "ఇది ఒరుపూ కాదు, తామరా కాదు. చాలా అరుదు, అచ్చం వాటిలాగే ఉంటుంది కాబట్టి అందరూ మోసపోతారు. తిండిలోని జింకును ఈ పిల్ల ఒళ్ళు సరిగా పట్టుకోలేదు. తల్లిపాలలోది కాస్త సులువుగా అందుతుంది, అందుకే అన్నాళ్ళూ ఆగింది. రోజూ జింకు మందు తాగించాలి, మానకూడదు. త్వరలోనే తేడా తెలుస్తుంది."

"ఎవరి వైపు నుంచి వచ్చిందండీ?" ఆయన తొందరపడ్డాడు.

"ఇద్దరి నుంచీ. చెరి సగం. ఒక్కరి వల్ల రాదు."

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సు సగం దూరం వచ్చాక మెల్లగా అన్నాడు. "అమ్మకి మందు సంగతి చెప్పు చాలు. ఆ చెరి సగం మాట ఎందుకులే. పెద్దావిడ, బాధపడుతుంది."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బాధపడుతుంది. ఆ మాట ఈయనకు వచ్చునన్నమాట. ఇన్నాళ్ళూ రాదేమో అనుకుంది. డాక్టరు ముందు శుభ్రం తక్కువ అన్నప్పుడు ఎక్కడ దాచుకున్నాడో. మందుల షాపులో నలుగురి ముందూ గుడ్డలు సరిగా ఉతకదని చెప్పినప్పుడు ఎక్కడుందో. నేరమంతా తనదైతే ఊరంతా వినొచ్చు, అందులో సగం ఆయనదయ్యేసరికి ఇంటి గడప దాటి లోపలికి కూడా రాకూడదు. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. ఆ పుండు పడ్డ బుల్లి వేళ్ళు ఆమె జాకెట్టు అంచును పట్టుకున్నాయి. వీటిని మాన్పే మందు సంగతి చెప్పి, నిజం సంగతి మింగాలట.

తలుపు దగ్గరే అత్తగారు ఎదురొచ్చారు. "ఏమందే డాక్టరు? మీవాళ్ళ నుంచి వచ్చిందేనా?"

ఆయన వంగి చెప్పులు విప్పుతున్నాడు. ఎంతకీ విప్పడం అవడం లేదు.

"సగం నాదట, అత్తయ్యా" అంది ఆమె, గొంతు తగ్గించకుండా. "మిగతా సగం ఎవరిదో మీ అబ్బాయే చెప్తారు."