రాయి పక్కన కాగితం

తోర్యాలై ఖాన్ పార్లమెంటు సభ్యుడై మూడేళ్లయినా మా లోయలో ఆయన్ని అందరూ సఫీర్ సాహెబ్, అంటే రాయబారి గారు, అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్లు అంకారాలో, రోమ్‌లో, బాగ్దాదులో దేశానికి రాయబారిగా ఉండి వచ్చిన మనిషి. మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ని నేను. కాబూల్లో డిగ్రీ కాగానే ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను.

ఆ ఏడు చిల్గోజా అనే పైన్ గింజల అడవి కోసం మా దిగువ లోయకూ ఎగువ లోయకూ తగువు ముదిరింది. ఎగువవాళ్లు మా అన్న జర్గుల్‌ని లారీతో సహా పట్టుకుపోయారు. మావాళ్లు తుపాకులు బయటికి తీశారు. నేను వెళ్లి సాహెబ్ ముందు నిలబడ్డాను.

"కంగారుపడకు. జిర్గా కూర్చోబెడదాం. నువ్వు ఒప్పందం రాయి, మూడు ప్రతులు" అన్నారు.

జిర్గా అంటే పెద్దల పంచాయితీ, అక్కడ మాటే ముద్ర. కాగితమేమిటి సాహెబ్ అని నోటిదాకా వచ్చింది. పెద్దవారు, లోకం చూసినవారు. మాట మింగేసి, రాశాను.

ఎగువ లోయ మసీదు ముందు రెండు వైపుల పెద్దలూ గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ల పెద్ద షీరిందిల్ కాకా నన్ను చూసి నవ్వాడు.

"ఏరా, లారీవాడి తమ్ముడివేనా? మీ అన్నకి రొట్టెలు చేసి చేసి మా ఆవిడ చేతులు పడిపోయాయి. తొందరగా తీసుకుపో!"

అందరూ నవ్వారు. నాకు ఊపిరాడింది. మధ్యాహ్నానికి మాట కుదిరింది. మంచు పడేదాకా అడవి చెరిసగం, లారీతో సహా అన్న విడుదల. కాకా లేచి ఒక రాయి తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆ రాయి అక్కడున్నంత కాలం రెండు లోయల్లో తుపాకి పేలదు.

సాహెబ్ సైగ చేశారు. నేను రాయి పక్కన కాగితాలు పరిచి, సిరా డబ్బా మూత తీశాను.

"ఇదేంట్రా?"

"వేలిముద్ర, కాకా."

నవ్వులు ఆగిపోయాయి.

"నా రాయి చాలలేదా? పరాయి దేశాల్లో ఇలాగే చేస్తారేమో సఫీర్ సాహెబ్. మేం మీకు పరాయివాళ్లమా?"

కాకా వంగి రాయి తీసేశాడు. వెనకాల కుర్రాళ్లు లేచి నిలబడ్డారు.

"పొరపాటు నాది. వాడిది కాదు." సాహెబ్ కాగితాలు చింపేశారు. "ఏమిస్తే రాయి మళ్లీ దిగుతుంది కాకా?"

"మనిషి. మంచు పడేదాకా మీరు మా ఇంట్లో ఉండండి, అతిథిగానే. మీవాళ్లు మాట తప్పితే..." కాకా వెనకాల కుర్రాళ్ల వైపు చూశాడు.

"ఇంత పెద్ద కొలువు నాకు ఏ రాజూ ఇవ్వలేదు" అన్నారు సాహెబ్. ఎవరూ నవ్వలేదు. రాయి మళ్లీ నేల మీదికి దిగింది.

అన్న వచ్చి నన్ను కావిలించుకున్నాడు. నా చేతులు లేవలేదు. సాహెబ్ తన కాగితాల సంచీ నాకిచ్చి, నెమ్మదిగా అడిగారు.

"నువ్వు ఈ లోయల్లోనే పుట్టావు కదా. ఇలా అవుతుందని తెలుసా?"

"తెలుసు సాహెబ్."

"ఇంకోసారైతే చెప్పు" అన్నారు.

మా లోయ మొదట్లో మావాళ్లు తుపాకులతో లారీకి ఎదురొచ్చారు.

"జర్గుల్ వచ్చేశాడ్రోయ్! ఇక మనకి అడ్డేముంది? పదండి పైకి!"

లారీ ఆగకముందే దూకాను. చేతులు చాచి దారికి అడ్డంగా నిలబడి, సాహెబ్ మన మాటకి పూచీగా పైనే ఉండిపోయారని గొంతు చించుకుని చెప్పడం మొదలుపెట్టాను.