ఒక్క మార్కర్ మిగిలింది

ఎడిటర్‌కీ ఆయన భార్యకీ మాటల్లేక ఆ రోజుకి తొమ్మిది రోజులు. మాటల్లేవంటే నోటి మాటల్లేవని. ఇంటి ముందుగదిలో ఉన్న ఒకే కంప్యూటర్ మీద ఇద్దరూ పనిచేస్తారు, పొద్దున ఆవిడ, మధ్యాహ్నం ఈయన. వీడియోలో ఫలానా చోట ఫలానా మార్పు చెయ్యాలని గుర్తుకోసం టైమ్‌లైన్ మీద చిన్న చిన్న రంగు జెండాలు పాతుతారు. వాటినే మార్కర్లంటారు. ఈ తొమ్మిది రోజులూ సంసారమంతా ఆ జెండాల మీదే నడిచింది. "ఇక్కడ సంగీతం తగ్గించాలి" అన్నదాని పక్కనే "తడి తువ్వాలు మంచం మీద వేయకండి" అని ఉండేది. పన్నెండేళ్లుగా నువ్వు, నువ్వు అన్న మనిషి ఇప్పుడు అండీ అంటుంటే ఎడిటర్‌కి ఒళ్లు మండిపోయేది.

గొడవంతా ఒక చెప్పుల కంపెనీ వల్ల వచ్చింది. వాళ్ల యాభయ్యేళ్ల చరిత్ర మీద తీసిన వీడియోలో, చెప్పులు చేత్తో కుట్టే గది షాటుని ఆవిడ పదకొండు సెకన్లు ఉంచింది. ఎడిటర్ ఏమో కంపెనీ మేనేజరు ఎదుటే "ఇది చూస్తే నిద్రొస్తుంది" అనేసి, దాన్ని నాలుగు సెకన్లకి కోసేశాడు. ఆ క్షణం నుంచీ ఆవిడ నోరు విప్పితే ఒట్టు.

ఆ సాయంత్రం ఐదింటికల్లా ప్రాజెక్టు ఫైలు మేనేజరుకి చేరాలి, అదీ ఒక్క మార్కర్ కూడా లేకుండా. పోయినసారి పంపిన ఫైల్లో ఆయన ఇంటర్వ్యూ దగ్గర "ఈ నవ్వు ఎంత తగ్గిస్తే అంత మంచిది" అన్న జెండా మిగిలిపోయింది. పాపం, ఆయన దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఉన్నవి నాలుగు వందల పన్నెండు మార్కర్లు. చేత్తో తీసే ఓపిక లేక ఎడిటర్ కంప్యూటర్లో కొత్తగా పెట్టుకున్న ఏఐ ఏజెంట్‌కి పని అప్పజెప్పాడు. అయిపోయిన మార్కర్లన్నీ తీసెయ్యాలి, సరిగ్గా ఐదింటికి ఫైలు పంపెయ్యాలి. మీ పద్ధతులేమిటని అది అడిగితే, పన్నెండేళ్ల నాటి నియమం కూడా చెప్పాడు. ప్రశ్న ఉన్న మార్కర్‌ని ఊరికే పీకకూడదు. అవతలివాళ్లు జవాబు రాసి ఆకుపచ్చ రంగు పెట్టాలి, అడిగినవాళ్లు ఆ జవాబు చూశాకే అది పోవాలి.

ఏజెంట్ చెప్పింది చెప్పినట్టు చేసే రకం. చకచకా తీసుకుంటూ పోయి, మధ్యలో ఆగి, తువ్వాలు సంగతి పూర్తయినట్టేనా అని అడిగింది. ఎడిటర్ పడకగదిలోకి తొంగి చూశాడు. కిక్కురుమనకుండా వెళ్లి తువ్వాలు తీసి ఆరేసి వచ్చి, పూర్తయిందని రాశాడు.

చివరికి తెరమీద ఇలా వచ్చింది: "ఒకటి మిగిలింది. మేడమ్ ఈ ఉదయం అడిగిన ప్రశ్న. మీరు జవాబు రాయలేదు."

దాన్నీ పీకెయ్యమన్నాడు ఎడిటర్. మీరు చెప్పిన నియమం ఒప్పుకోదని అది మర్యాదగానే చెప్పింది. ఆఖరికి దీనికీ లోకువైపోయానని గొణుక్కుంటూ ఆయన ఆ చోటికి వెళ్లి చూశాడు. చెప్పులు కుట్టే గది షాటు.

"పదకొండు సెకన్లు ఎందుకు ఉంచానో ఒక్కసారైనా అడిగావా?"

అండీ లేదు. ఆయన కోపం అక్కడే సగం దిగిపోయింది.

కోసేసిన ఏడు సెకన్లూ మళ్లీ తెచ్చి అతికించి చూశాడు. మొదట్లో అన్నీ వంచిన తలలే. ఎనిమిదో సెకనులో ఒక ముసలావిడ సూదిలో దారం ఎక్కించలేక ఆగిపోయింది. పక్కనున్న ముసలాయన మాటా పలుకూ లేకుండా సూది అందుకుని, దారం ఎక్కించి, తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా.

ఎడిటర్ దాన్ని మూడుసార్లు చూశాడు. చచ్చేంత సిగ్గేసింది. షాటుని పదకొండు సెకన్లూ ఉంచేసి, మార్కర్‌కి ఆకుపచ్చ పెట్టి, కింద జవాబు రాశాడు: "అడగలేదు. తప్పు నాదే. నువ్వు లేకపోతే నాకు సూదిలో దారం కూడా ఎక్కదు."

రాయడమైతే రాశాడు గానీ, రేపు పొద్దుటిదాకా ఆవిడ ఈ గదిలోకి రాదు. లోపలికెళ్లి పిలవాల్సిందే. ఏం చెప్పి పిలవాలా అని గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే ఐదు కొట్టింది.

"ఫైలు పంపాను. జవాబు మేడమ్ ఇంకా చూడలేదు కాబట్టి ఆ ఒక్క మార్కర్ ఉంచాను" అంది ఏజెంట్.

ఎడిటర్‌కి ఏం చెయ్యాలో తోచేలోపే లోపలిగదిలో ఫోను మోగింది. కంపెనీల ఫోన్లన్నీ ఆవిడకే వస్తాయి.

"చెప్పండి సార్. మార్కరా? ఉండకూడదే. ఏమని ఉంది?"

అవతల మేనేజరు చదివి వినిపించాడు. ఎడిటర్ గోడకి చెవి ఆనించాడు.

"అది పొరపాటు కాదండీ" అంది ఆవిడ గొంతు సవరించుకుని. "సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చదవండి. కాస్త నిదానంగా."

మేనేజరు ఈసారి పదకొండు సెకన్లకి తక్కువ కాకుండా చదివి ఉంటాడు.