మొదటి పడవలో ఏముండాలి

"రొయ్యల్లో కారం తగ్గించు, మిలటరీవాళ్ళు తినలేరు" అని రాజారత్నం పొద్దుటినుంచి చెప్పిందే చెబుతున్నాడు. బందరులో హెల్త్ ఇన్‌స్పెక్టరు మరి, ఆయనగారింటికి మిలటరీ డాక్టరు భోజనానికి రావడమంటే మాటలా! రొయ్యలు ఒలిచిందీ, పులుసు పెట్టిందీ, కుర్చీలు తుడిచిందీ భార్య కృపావతి. "మర్యాదకి లోటు రాకూడదు సుమా" అన్నది మాత్రం అత్తగారు, మంచం దిగకుండా.

వచ్చిన కెప్టెను విజయనగరం మనిషి. కిందటేటి ఉప్పెనలాంటిది మళ్ళీ వస్తే ఎవరేం చెయ్యాలో ఆస్పత్రివాళ్ళూ మిలటరీవాళ్ళూ కలిసి ముందే అనుకుంటున్నారు. "మందులు మీవి, పడవలు మావి. మొదటి పడవలో ఏం ఎక్కించాలో ఇవాళ తేల్చేద్దామండీ" అన్నాడు విస్తరి ముందు కూర్చుంటూ.

"ఏం ఎక్కిస్తే ఏం లాభం సార్? దివిసీమ ఆడవాళ్ళు బయటికొస్తేగా! ఒట్టి మొండిఘటాలు. ముందు వాళ్ళకి బుద్ధి చెప్పాలి" అన్నాడు రాజారత్నం.

"నిజమేనండీ. కిందటేడు కోడూరు అవతల, కూలిన చర్చి పక్కన గోడ వెనక ఎవరో ఉన్నారని తెలుస్తూనే ఉంది. ఎంత పిలిచినా రాలేదు. వైద్యం వద్దనుకుంటున్నారని పడవ తిప్పేశాం."

వంటింట్లో కృపావతి చేతిలో గరిటె ఆగిపోయింది.

అది ఆమె పుట్టింటి గోడ. చెల్లెలు దయామణిని చూద్దామని వెళ్ళి ఉప్పెనలో చిక్కుకుంది. తెల్లారేసరికి నీళ్ళు ఒంటిమీంచి లాగేసిన చీరలన్నీ తుమ్మకంపలకి వేలాడుతున్నాయి, అందనంత ఎత్తున. దయామణి తొడ చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పడవ వచ్చింది. కృపావతి లేవబోయింది కూడా. "వద్దక్కా, అందరూ మగాళ్ళే" అని చెల్లెలు చెయ్యి పట్టుకు లాగింది. అంతే, కూర్చుండిపోయింది. అయ్యో, ఎందుకు కూర్చున్నాను, చెయ్యి విదిలించుకుని లేస్తే ఏం పోయేది, చూస్తే చూసేవాళ్ళు, చెల్లెలు దక్కేది కదా అని ఏడాదిగా అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ అదే ఏడుపు. మధ్యాహ్నం పక్కింటి మీరా సాహెబ్ మొహం అటు తిప్పుకుని, కట్టుకున్న లుంగీ గోడ మీంచి విసిరి, తను గోనెసంచి చుట్టుకున్నాడు. ఆ లుంగీ దయామణికి అక్కర్లేకపోయింది. అది చుట్టుకునే కృపావతి బందరు చేరింది. "సాయిబు లుంగీలో ఊరంతా తిరిగొచ్చావా? తల కొట్టేసినట్టుందే!" అని అత్తగారు దాన్ని పొయ్యిలో పెట్టింది. "నిన్ను ఎవరెవరు చూశారు?" అని అడిగాడు మొగుడు. చెల్లెలు ఎలా పోయిందని ఇంతవరకూ అడగలేదు. "ఈ సంగతి ఇంకెక్కడా ఎత్తకు" అన్నాడు. ఎత్తలేదు. పిచ్చిది, అదే మంచితనమనుకుంది.

అన్నం గిన్నె పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"వైద్యం వద్దని దాక్కోలేదండీ. ఒంటిమీద నూలుపోగు లేక దాక్కున్నాం."

"కృపా, లోపలికెళ్ళు!" రాజారత్నం గుడ్లురిమాడు.

ఆమె కదల్లేదు. "మందులకంటే ముందు చీరలు ఎక్కించండి. అవి తీసుకుని ఒక ఆడమనిషి దిగాలి. ఎవరూ దొరక్కపోతే నేనొస్తాను."

"ఇంకేముంది, పరువు తీసేసింది!" అని గదిలోంచి అత్తగారు మొత్తుకుంది.

కెప్టెను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. "ఆ గోడ వెనక... మీతో ఇంకెవరమ్మా?"

"మా చెల్లెలండీ. మీరు పిలిచినప్పుడు బతికే ఉంది."