కమ్లీ పెట్టిన సలోయి

మనవరాలికి తన రక్తం పనికిరాదని తెలిసిన రోజు కమ్లీ జనగామలో దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇంట్లో ఎవరో పోయారనుకుని ఒకామె మంచినీళ్ళ సీసా తెచ్చి చేతికిచ్చింది.

అప్పుడు అనితకు ఏడేళ్ళు. వాళ్ళది కొడకండ్ల దగ్గరి తండా. ఏడాది నిండకముందే పిల్ల పాలిపోతుంటే మహబూబాబాద్ తీసుకుపోయారు. తలసేమియా అని అక్కడే తేలింది. అప్పటినుంచీ మూడు వారాలకోసారి జనగామ పోయి సంచెడు రక్తం ఎక్కించుకు రావాల్సిందే. తండ్రి సుభాష్ భూపాలపల్లి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలి, నెలకోసారి వస్తే వచ్చినట్టు. తల్లి శోభ పత్తి చేలకు పోతుంది. పిల్లకు స్నానం, జడ, బువ్వ అన్నీ నాయనమ్మ కమ్లీయే. ముగ్గురిని కని ఇద్దరిని మట్టికిచ్చిన మనిషి. ఈ ఒక్క పిల్లనన్నా పోనివ్వకూడదని పట్టుబట్టి కూర్చుంది.

ఆ ఎండాకాలం అనితకు సరిపడే రక్తం దొరకలేదు. నాది తీసుకోండి అని కమ్లీ గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. రక్తపరీక్షలు చేసే ఫిర్దౌస్ చుక్క తీసి చూసి తల అడ్డంగా ఊపింది. కమ్లీది బి, పిల్లది ఓ.

ఫిర్దౌస్ ఓపిక గలది. "అంగట్ల మేకల కొమ్ములకు రంగు పూస్తరు గద అవ్వ, ఎవలివి వాళ్ళు గుర్తుపట్టనీకె. రక్తంల కణాలకు గూడ గట్ల గుర్తులుంటయి. నీ కణాల మీద బి గుర్తు ఉన్నది. నీ మనుమరాలి కణాల మీద ఎ లేదు, బి లేదు. నీ రక్తం ఎక్కిస్తె పరాయిదని ఆమె ఒళ్ళు దాన్ని ఇరగ్గొడ్తది. పానం మీదికొస్తది."

తండ్రిది బి, తల్లిది ఎ, మరి బిడ్డది ఓ ఎట్లయిందని కమ్లీ అడిగింది. అడుగుతూ పక్కనే ఉన్న కోడలి వైపు చూసిన చూపు మంచిది కాదు. ఫిర్దౌస్‌కు విషయం అర్థమైంది. ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒక గుర్తు, తండ్రి నుంచి ఒక గుర్తు వస్తాయనీ, పైకి కనపడని ‘ఓ’ తల్లిదండ్రులిద్దరిలోనూ దాగుందనీ, ఆ రెండే పిల్లకు వచ్చాయనీ చెప్పింది. రోగమూ అంతేనట. సుభాష్‌లో సగం, శోభలో సగం. సగం ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, రెండు సగాలూ కలిసింది పిల్లలోనే. కోడలి మీద అనుమానమైతే చల్లారింది గాని, సగం తన కొడుకుదేనన్న మాట కమ్లీకి అస్సలు రుచించలేదు.

నీ రక్తం ఇంకెవరికైనా పనికొస్తుంది, ఇచ్చి పో అంది ఫిర్దౌస్. ఊరోళ్ళకు పోయడానికి రాలేదని కమ్లీ గాజులు కిందికి లాక్కుంది. పోతూ పోతూ, అసలు రక్తం పుట్టేదెక్కడ అని మాత్రం అడిగింది. బొక్కల్లోని మూలుగలో పుడుతుందనీ, మంచి కణం నాలుగు నెలలు బతుకుతుందనీ, అనిత మూలుగలో మాత్రం కణాలు బయటికి రాకముందే చితికిపోతాయనీ చెప్పింది ఫిర్దౌస్. చెప్పినదాంట్లో కమ్లీ పట్టుకున్నది ఒక్క మూలుగనే. దానికి మందు తనకు తెలుసనుకుంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే కొడకండ్లలో షరీఫ్ మాంసం కొట్టు ముందు గిన్నె పట్టుకుని నిలబడింది. షరీఫ్ మేకను కోసి రక్తమంతా కార్చేస్తాడు, వాళ్ళ మతంలో అది తినకూడనిది. మోరీలోకి పోయేదాన్ని ఈమె అడిగితే సంతోషంగా పట్టుకొమ్మన్నాడు. గడ్డకట్టకుండా ఉప్పేసి కలిపి, మూలుగ బొక్కలూ, పావు కిలో కార్జమూ కొనుక్కుని ఇంటికి తెచ్చింది. మేక రక్తంతో వండే కూరను తండాలో సలోయి అంటారు. దేవతకు మేక పడినప్పుడు అందరూ తింటారు, నెత్తురు పోయిన బాలింతకు ప్రత్యేకంగా పెడతారు. శోభ చేనుకు పోయాక కమ్లీ అది వండి, జొన్నరొట్టెలో అద్ది, పిల్ల నోట్లో తన చేత్తో పెట్టింది. పక్కింటి బాలింత మింగకుండా పారేసిన ఐరన్ గోలీలు కూడా ఏరి తెచ్చి మింగించింది.

చాటుగా ఎందుకంటే, ఇవన్నీ వద్దని డాక్టరు శోభకు చెప్పాడు. శోభ అత్తకూ చెప్పింది. రక్తం లేని పిల్లకు రక్తం వద్దనేవాడు డాక్టరెట్లయిండని కమ్లీ మూతి తిప్పింది. ప్రేమ మంచిదే, కాని దానికి చెవుల్లేకపోతే ఇంట్లో శత్రువు అక్కర్లేదు. రెండేళ్ళు, ఒక్క ఆదివారం తప్పలేదు. పిల్ల ఒంటి రంగు నల్లబడుతుంటే నిగారింపు వస్తోందని మురిసిపోయింది.

మొన్న నలుగురూ జనగామ పోతే, పరీక్షల కాగితం చూసి డాక్టర్ వెంకట్రాం ముఖం మాడింది. ఎక్కించే ప్రతి సంచి వెంట ఇనుము వస్తుంది, దాన్ని బయటికి పంపే దారి ఒంటికి లేదు, అందుకే దాన్ని బయటికి లాగే గోలీలు రాసిచ్చాను, ఇప్పుడది గుండెకు పట్టింది అన్నాడు. గోలీలు సరిగ్గా వేస్తున్నావా అని శోభను నిలదీశాడు. ఒక్క పూట తప్పలేదని ఆమె అంటున్నా సుభాష్ వినలేదు. గనిలో దుమ్ము మింగి తాను సంపాదిస్తుంటే ఆమెకు బిడ్డ మీద ధ్యాస లేదని అందరి ముందే చెయ్యెత్తాడు.

"గోలీలు నేనే పారేసిన," అంది అనిత.

డాక్టరు కలం తీశాడు. గోలీలు నమ్ముకుంటే లాభం లేదు, రోజూ పది గంటలు పొట్టలో సూది పెట్టి మందు ఎక్కించాలి అని రాయబోయాడు. మనవరాలు మీద వేసుకున్న అబద్ధం, కోడలి మీద లేచిన చెయ్యి, రెండూ కమ్లీ కళ్ళ ముందే ఉన్నాయి. లేచి డాక్టరు ముందుకొచ్చింది.

"అది పారెయ్యలే సారూ. దాని తల్లి తప్పు గూడ లేదు. రెండేండ్ల సంది నేనే మేక రక్తం వండి పెడుతున్న."

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది కమ్లీకి. సూది తప్పదు, గోలీలూ కావాలి, గుండె తేరుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. సుభాష్ ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

"ఇగ నా బిడ్డకు నువ్వు బుక్క పెట్టకు," అంది శోభ అత్తతో. మందుల చీటీ పట్టుకుని కిందికి పోయింది.

గది బయటి బల్ల మీద నాయనమ్మ, మనవరాలు మిగిలారు. డాక్టరు వద్దన్నాడని నీకు తెలియదా అని కమ్లీ అడిగింది. తెలుసంది అనిత.

"మరెట్ల తిన్నవే?"

"నువ్వు పెట్టేటప్పుడు మస్తు సంబురపడుతుంటివి, దాదీ."

కింది నుంచి తల్లి పిలిస్తే అనిత లేచి పోయింది.