తీగ తుడిచిన మనిషి

మా అన్నయ్య రెండు మేడల మధ్య తీగ మీద నడిచి ముప్పై ఏళ్లయింది. ఇన్నాళ్లకు వాడి మీద ఎవరో డాక్యుమెంటరీ తీశారు. ఇక చూడండి, వాడికి కొమ్ములు మొలిచాయి.

ఆ తీగ కట్టింది మా ఆయన. మూడు రోజులు మేడ కప్పుల మీద ఎండకు మాడి, తీగ ఊగకుండా పక్కతాళ్లు ఒక్కొక్కటే బిగించి కట్టారు. అన్నయ్య నడిచింది పద్నాలుగు నిమిషాలు. నడవలేదని నేననను. కానీ కట్టిన మనిషి ఊసే లేదు, వాడు ఎక్కడ మాట్లాడినా నేను, నేను, నేనే.

సినిమా తీసే అమ్మాయి మా ఇంటికీ వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు గంటలు చెప్పారు. ఆమె కెమెరా సర్దుకుంటుంటే చిన్నపిల్లాడిలా అడిగారు.

"తీగ కట్టింది నేనని ఒక్క ముక్క వేస్తావా అమ్మా?"

"అయ్యో, తప్పకుండా అంకుల్!"

మొన్న హాల్లో సినిమా వేశారు. రెండు గంటల మాటల్లో మిగిలింది నాలుగు సెకన్లు. మా ఆయన ముఖం కింద "కుటుంబ మిత్రుడు" అని పడింది. చెల్లెలి మొగుడు మిత్రుడట! ఆ పిల్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాత తెర మీద అన్నయ్య కొత్త తీగను పొడిగుడ్డతో తుడుస్తూ కనిపించాడు. వెనక వయొలిన్ ఒకటి. "ప్రాణం కాపాడే పని ఇదే" అంటున్నాడు. హాలంతా చప్పట్లు. వాళ్లకేం తెలుసు, వెర్రిమొహాలు.

మా ఆయన నా చెవిలో గొణిగారు. "కొత్త తీగకి గ్రీజు ఉంటుందే. కిరోసిన్ పెట్టి కడగాలి. అలా పొడిగా తుడిస్తే గ్రీజు తీగ పేటల సందుల్లోకి పోతుంది, కాలు పెట్టి నొక్కగానే పైకొస్తుంది. ఆ రోజు అలా తుడిచుంటే మూడో అడుగుకే జారేవాడు."

"లేచి చెప్పండి మరి."

"పోనీలే, బాగుండదు."

ఒళ్లు మండిపోయింది నాకు. సినిమా అయ్యాక అన్నయ్యను వేదిక ఎక్కించి ప్రశ్నలు అడగమన్నారు. నేనే లేచాను.

"అన్నయ్యా, ఆ రోజు తీగకి కిరోసిన్ ఎన్నిసార్లు పెట్టావు?"

వాడు మైకు పట్టుకుని దిక్కులు చూశాడు.

"కిరోసినా? ఎందుకూ?"

"గ్రీజు పోవద్దూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. వాడికి చిర్రెత్తుకొచ్చింది.

"అబ్బ! అలాంటి చిల్లర పనులు నాకేం తెలుసే? అవన్నీ బావే చూసుకునేవాడు. తీగ కట్టిందీ, తుడిచిందీ ఆయనేగా!"

మైకులోనే అన్నాడు. ఆ వెంటనే ఇంకో ప్రశ్నకి వెళ్లిపోయాడు, ఈగను తోలినట్టు.

నేను కూర్చునేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. "విన్నావా? అందరి ముందూ చెప్పాడు!" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. ఛీ, ఆ విసుగు మాటకే ఇంత సంబరమా, ఈ మనిషికి సిగ్గు లేదా అనుకున్నాను. ఆ చెయ్యి విడిపించుకోవాలనుకుంటూనే, ఏడుపు ఆపుకోలేకపోయాను.